గుగ్గిలం పట్టీ

రెల్లులంకకు వచ్చే సర్కారు మనుషుల్ని పడవ పోలేశు కాళ్లను బట్టి గుర్తుపడతాడు. బూట్లు విప్పకుండా పడవెక్కేవాళ్లు గంటలో తిరుగు ప్రయాణం కడతారు. చెప్పులు చేత్తో పట్టుకుని ఎక్కేవాళ్లు మధ్యాహ్నం భోజనందాకా ఉంటారు. ఆ మాఘమాసం పొద్దున అవతలి రేవులో నిలబడ్డ అమ్మాయి మాత్రం చెప్పులు విప్పి సంచిలో పెట్టుకుంది. తాడు ఎక్కడ తొక్కకూడదో అడిగి తెలుసుకుని ఎక్కింది. కూర్చున్న దగ్గర్నుంచీ రెండు చేతులతో అడ్డపలకను పట్టుకుని లంక వచ్చేదాకా వదల్లేదు. వేళ్ల కణుపులు తెల్లబడిపోయాయి.

‘ఈవిడ ఉంటుంది’ అనుకున్నాడు పోలేశు. పైకి ఏమీ అనలేదు. పోలేశు రోజుకి ఎన్ని మాటలు మాట్లాడతాడని లంకలో కుర్రకారు పందేలు వేసుకునేవారు. పదికి పైన చెప్పినవాడు ఎప్పుడూ గెలవలేదు.

ఆ అమ్మాయి పేరు హైమవతి. విశాఖపట్నంలో ఏదో ప్రయోగశాల నుంచి వచ్చింది. రెల్లులంకలో పెద్దవాళ్ల కోసం ఏడాదిపాటు ఒక బడి నడపాలని పై ఆఫీసులో అనుకున్నారు. దాంట్లో ఏం నేర్పాలో తేల్చమని ఈమెను పంపారు.

లంక బడి పంతులు తాతారావు మాస్టారు ఒడ్డున కాగితాల కట్టతో సిద్ధంగా ఉన్నాడు.

"ఇంతదూరం ఎందుకొచ్చావమ్మా? మూడుసార్లు సర్వే చేసి పంపించాను. మూడుసార్లూ జనం ఒకటే రాయించారు. కుట్టు మిషన్లు."

"అంత ఇష్టమాండీ కుట్టుపనంటే?"

"ఇష్టమా పాడా! అంతకుముందు ఓసారి వంతెన అడిగారు. పధ్నాలుగు కుట్టు మిషన్లు వచ్చాయి. అప్పట్నుంచీ మిషన్లే అడుగుతున్నారు. వచ్చేదే అడిగితే రెండువైపులా మర్యాదగా ఉంటుందని."

ఆ పధ్నాలుగు మిషన్లనీ హైమవతి వీధి వెంట నడుస్తూ చూసింది. ఒకదానిమీద వంకాయ ముక్కలు ఎండుతున్నాయి. ఒకదానికింద కోడిపిల్లల గంప ఉంది. పోలేశు ఇంటి అరుగుమీద ఉన్నదానిమీద ఎండుచేపల జల్లెడ పెట్టి, పిల్లి ఎక్కకుండా పోలేశు భార్య పేరంటాలు మిషను కాళ్లకు తుమ్మకంప చుట్టింది.

రామమందిరం అరుగుమీద హైమవతి పెట్టె తెరిచింది. తమలపాకుల పెట్టె అంత ఉంది. దానికొక చిన్న తెర. పక్కనే బొటనవేలంత పలచని పట్టీలు, పొరపొరలుగా. ఒకటి తీసి మాస్టారి గొంతుముడి కింద అంటించింది.

"ఏమైనా అడగాలా మాస్టారూ?"

"ఏం లేదమ్మా. నీ పని కానీ."

తెరమీద అక్షరాలు వెలిగాయి. ‘భోజనం’.

అరుగంతా గొల్లుమంది. మాస్టారు కండువా సర్దుకున్నాడు. "అబద్ధమేం కాదు. నీకు మా ఇంట్లో వండించాలా, మరెక్కడైనా చెప్పారా అని అడుగుదామనుకుని, బావుండదని ఊరుకున్నాను."

"అదేనండీ ఇది పట్టుకునేది" అంది హైమవతి. "మనం ఒకటి అడగబోయి ఆపుకున్నప్పుడు మాట బయటికి రాకపోయినా గొంతులో సగం కదులుతుంది. ఆ కదలిక దీనికి తెలుస్తుంది. మాట మొత్తం రాసుకోదు. ఎవరిదన్నదీ రాసుకోదు. దేని గురించో ఒక్కటే చెబుతుంది. పది రోజులు కట్టుకుంటే మీరంతా ఏం తెలుసుకోవాలని లోపల్లోపల అనుకుంటున్నారో తేలిపోతుంది. దాన్నిబట్టి బడి."

యాభై ఎనిమిదిమంది ఆడవాళ్లు, పాతికమంది మగవాళ్లు పట్టీలు వేయించుకున్నారు. మర్నాడు పొద్దున మళ్లీ వేస్తే సగం ఊడిపోయాయి. లంక ఆడవాళ్లు పొద్దున్నే మెడకి పసుపు రాసుకుంటారు. పసుపుమీద విశాఖపట్నం జిగురు నిలవలేదు. హైమవతి పచ్చబడ్డ పట్టీల్ని పళ్లెంలో పోసుకుని కూర్చుంటే పోలేశు చూశాడు. ఇంటికి వెళ్లి చిన్న చట్టి తెచ్చి ఆమె ముందు పెట్టాడు. అందులో నూనెతో కాచిన గుగ్గిలం ఉంది, పడవ పలకల మధ్య సందుల్లో పూసేది. నీళ్లకి కరగదు, ఎండకి వీడదు.

"చర్మానికి మంచిదేనా?" అంది హైమవతి.

పోలేశు తన మోచేతిమీద ఎప్పుడో అంటుకుని అలాగే ఉండిపోయిన నల్లటి మరక చూపించాడు. ఆ రోజుకి అతని మాటలు సున్నా.

గుగ్గిలంతో అంటించిన పట్టీలు పడవ పలకకి పట్టినట్టు పట్టేశాయి. ప్రయోగశాలలో వాటిని రోజుకి అరగంట మించి ఎవరికీ ఉంచలేదన్న సంగతి హైమవతికి తెలుసు. సాయంత్రానికి తీసేద్దామనే అనుకుంది. తీయబోతే ఒక్కటీ రాలేదు. కొబ్బరినూనె వెచ్చచేసి అద్దితే గుగ్గిలం వదులుతుందని పోలేశుకి తెలుసు. ఎవరూ అడగలేదు గనక అతను చెప్పలేదు. తన గొంతుమీది పట్టీని మాత్రం రెండోరోజే ఇంటివెనక్కి వెళ్లి నూనె రాసి పీకేసుకున్నాడు.

అతనికి కారణం ఉంది.

తొమ్మిదేళ్లకిందట, ఆషాఢంలో, సంత నుంచి వస్తుంటే ఇసుక పడవ ఒకటి పక్కనుంచి జోరుగా పోయి, దాని అల తగిలి పోలేశు పడవ తిరగబడింది. అందులో పేరంటాలు, పధ్నాలుగేళ్ల కూతురు మంగ. ఇద్దరికీ ఈత రాదు. లంకలో మగపిల్లలు నడక రాగానే నీళ్లలో పడతారు. ఆడపిల్లలు ఒడ్డున బిందె ముంచుకుంటారు. అంతే. పోలేశు మంగను ముందు పట్టుకుని తిరగబడ్డ పడవమీదికి తోసి, మళ్లీ మునిగి పేరంటాల్ని వెతికి తెచ్చాడు. అందరూ బతికారు. ఆ రోజు నుంచీ పేరంటాలు పడవెక్కలేదు. లంక అన్నాక పడవెక్కకపోతే అక్కడే. మంగ పెళ్లివారు లంకకే వచ్చారు. అప్పగింతలప్పుడు పేరంటాలు రేవులో మోకాలిలోతు నీళ్లదాకా వెళ్లి ఆగిపోయింది.

ఆ సంగతి మొగుడూ పెళ్లాం ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. తన పెళ్లాం గొంతులో ఏ ప్రశ్న ఆగి ఉందో తనకు తెలుసనే పోలేశు నమ్మకం. నన్నెందుకు రెండోసారికి వదిలావు? దానికి అతని దగ్గర జవాబు లేదు. లేదు గనకే నోరు తక్కువ చేసుకున్నాడు.

ఇప్పుడు మంగకి ఏడోనెల. మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలి. కానీ లంకలో ఆసుపత్రి లేదు. అవతలి గట్టున అత్తింటిపక్కనే ఉంది. "నేను రానమ్మా, నువ్వే రా" అని మంగ ఫోను చేసింది. పేరంటాలు "చూద్దాంలేవే" అంది. ఆ ‘చూద్దాం’ ఎలాంటిదో ముగ్గురికీ తెలుసు.

నాలుగోరోజున లంకలో గొంతులు వదులయ్యాయి.

మొదట బయటపడింది చిట్టెమ్మ. అత్తగారు చేపల పులుసు దింపుతుంటే పక్కన నిలబడి, తనకే తెలియకుండా అనేసింది. "ఆఖర్లో వేసే ఆ పొడి ఏంటత్తా? పద్దెనిమిదేళ్లుగా నాకేసి వీపు తిప్పి ఏత్తన్నావు?"

అత్తగారి చేతిలో గరిటె ఆగిపోయింది. కోడలు నోరు మూసుకుంది. అత్త గొంతుమీద కూడా పట్టీ ఉంది మరి. ఆవిడ నోట్లోంచీ వచ్చేసింది. "చెప్పేత్తే నాతో నీకేం పనుంటాదే?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆ మధ్యాహ్నం వాళ్లింట్లో మెంతులు, ధనియాలు వేగిన వాసన వీధి చివరిదాకా వచ్చింది.

బడిలో మాస్టారు ఐదో తరగతికి లెక్క చెబుతూ నల్లబల్లవైపు తిరిగి, "ఇది నాకూ ఎప్పుడూ సరిగ్గా రాలేదర్రా, మీలో ఎవరికైనా వచ్చా?" అన్నాడు. పిల్లలు బిత్తరపోయారు. ఒక పిల్ల లేచి చేసి చూపించింది. మాస్టారు బెంచీమీద కూర్చుని చప్పట్లు కొట్టాడు.

అన్నీ అలా నవ్వుల్లో తేలలేదు. ముసలి సూరమ్మ తమ్ముడు అన్నం తింటుంటే, "నా పెళ్లికి ఎందుకు రాలేదురా?" అని అడిగేసింది. యాభై ఏళ్లనాటి మాట. తమ్ముడు కంచంలో చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాడు. సూరమ్మ ఆ పూటంతా గుమ్మంలోనే కూర్చుంది.

హైమవతి పెట్టె ముందు కూర్చుని గోళ్లు కొరుక్కుంటోంది. పోలేశు పడవ కట్టి వస్తుంటే పిలిచింది.

"పోలేశుగారూ, రోజంతా గొంతుని పట్టుకుని ఉండేసరికి మాట ఆపుకోవడం మర్చిపోతోంది. ఇలా అవుతుందని నేను అనుకోలేదు. అడగడం ఎంతో, అడక్కుండా ఉండడమూ అంతే కదండీ మనిషికి? అది మీ దగ్గర్నుంచి లాగేసుకున్నాను. ఇవి తీసేయాలి. దేనికి ఊడుతుందిది?"

పోలేశు పట్టీ లేని తన గొంతు తడుముకున్నాడు. "కొబ్బరినూనె" అన్నాడు. "వెచ్చగా."

"ముందే చెప్పొచ్చు కదండీ!"

పోలేశు తెరకేసి చూశాడు. ఒకే మాట మళ్లీ మళ్లీ వరసగా ఉంది. ‘గోదారి. గోదారి. గోదారి.’

"ఆడవాళ్లకి వేసిన పట్టీల్లో నలభై ఏడింట ఇదే" అంది హైమవతి. "వరద భయం అనుకుంటాను. వరదొస్తే ఏం చెయ్యాలో చెప్పే బడి పెట్టమని రాసేశాను. రేపు పంపించాలి."

నలభై ఏడుమందిలో ఒకరెవరో పోలేశుకి తెలుసు.

మర్నాడు పొద్దున్నే ఇత్తడి గిన్నెలో కొబ్బరినూనె వెచ్చచేసుకుని భార్య కోసం మడుగు దగ్గరికి వెళ్లాడు. లంకకి వెనకవైపు రెల్లు దుబ్బుల మధ్య గోదారి పాయ ఒకటి ఆగి, నడుంలోతు మడుగై ఉంటుంది. గేదెల్ని అక్కడే కడుగుతారు, మగపిల్లలు అక్కడే ఈత కొడతారు. పేరంటాలు తొమ్మిదేళ్లుగా రోజూ పొద్దున అక్కడికొచ్చి ఒక గడియ కూర్చుంటుంది. నీళ్లకేసి అలా చూస్తూ ఆమె మనసులో తన మొగుణ్ణే తిట్టుకుంటుందని పోలేశు ఇన్నాళ్లూ అనుకున్నాడు.

"ఏంటది మావా?"

"నూనె. తీసేత్తాను" అన్నాడు గొంతు చూపించి.

పేరంటాలు గడ్డం పైకెత్తి ఇచ్చింది. పోలేశు నూనెలో వేలు ముంచి ఆమె గొంతు దగ్గరికి తెచ్చాడు. పట్టీ కింద గొంతు కదిలింది. ఒక్కసారి కాదు. ఆగి, మళ్లీ కదిలింది. బోనులో ఎలక లోపల్నుంచి తోస్తున్నట్టుంది. ఆవిడ పళ్లు బిగించి ఆపుకుంటోంది. కళ్లలో నీళ్లు.

ఒక్క చుక్క నూనె రాస్తే అయిపోతుంది. ఇంకో తొమ్మిదేళ్లు ఇలాగే గడిచిపోతాయి.

పోలేశు గిన్నె కింద పెట్టాడు. దాని పక్కనే తనూ కూలబడ్డాడు.

"అడిగెయ్" అన్నాడు.

పేరంటాలు ఊపిరి తీసుకుంది. "నీళ్లల్లో కాళ్లెలా ఆడిత్తావు మావా? గేదెలాగా కిందికా, కప్పలాగా పక్కకా? తొమ్మిదేళ్లుగా చూత్తన్నాను. కిందేం జరుగుతాందో కనపడి చావట్లేదు!"

పోలేశుకి మొదట అర్థంకాలేదు. అర్థమయ్యాక ముఖం ఒకలాగా అయిపోయింది. తర్వాత కడుపులోంచి ఏదో పైకి వచ్చింది. అది నవ్వేనని అతనికి కూడా కాసేపటికిగానీ తెలియలేదు. గేదెలు తలలెత్తి చూశాయి.

"నవ్వుతావనే అడగలేదు" అంది పేరంటాలు ఉక్రోషంగా. "యాభైకి దగ్గరపడిన ఆడదానికి ఈతేంటని ఊరంతా నవ్వుతాది."

రెల్లు దుబ్బుల అవతల బట్టలు ఉతికే చప్పుడు ఆగిపోయింది. చిట్టెమ్మ తల బయటికొచ్చింది. "అత్తా, నాదీ అదే! కాళ్లు సరే, ఊపిరెప్పుడు తీత్తారు?" ఆమె వెనకే సూరమ్మ. "నేనైతే ముక్కులోకి నీళ్లెల్తే ఏం చెయ్యాలని ఓ రెండేళ్ల బట్టీ..."

గడియలో మడుగు ఒడ్డున ఇరవైమంది పోగయ్యారు. అందరిదీ ఒకటే గోదారి. ఎవరికి వారు తమ ఒక్కరికే అనుకుని మింగిన గోదారి. హైమవతి పరుగెత్తుకుంటూ వచ్చి, విని, చేతిలో ఉన్న వరద కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో కుక్కేసింది.

పోలేశు నూనె గిన్నెను ఆమెకి ఇచ్చాడు. హైమవతి ఒక్కొక్కరినీ అడిగి పట్టీలు తీసింది. సూరమ్మ మాత్రం తీయించుకోలేదు. "ఉండనీ అమ్మా. మా తమ్ముడు మళ్లీ వత్తాడు, ఇంకో రెండు అడగాలి." మూడోరోజున ఆ తమ్ముడు నిజంగానే వచ్చాడు. ఏం మాట్లాడుకున్నారో తెలియదుగానీ అన్నం మాత్రం ఇద్దరూ కలిసి తిన్నారు. ఆ తర్వాత సూరమ్మదీ తీసి, పట్టీలన్నీ పెట్టెలో సర్ది, పెట్టెకి మూతవేసి, మూత చుట్టూ హైమవతే తన చేత్తో గుగ్గిలం పూసేసింది. మళ్లీ తెరవనని ఎవరితోనూ అనలేదు. పోలేశు చూశాడు, అతనికి అర్థమైంది.

పై ఆఫీసుకి ఫోను చేస్తే, "ఈతా? ఫారంలో ఈతకి గడి లేదమ్మా" అన్నారు. హైమవతి నీరుగారిపోయింది.

తాతారావు మాస్టారు ఫారం లాక్కుని కళ్లజోడు పెట్టుకున్నాడు. "కుట్టుకి గడి ఉంది కదా? రాయి. కుట్టు శిక్షణ. దుస్తులు కుట్టుట, తొడుగుకొనుట, వాటిని నీటిలో పరీక్షించుట."

వారంలో మంజూరైంది.

పధ్నాలుగు మిషన్లమీంచీ జల్లెడలు, గంపలు దిగాయి. చీరతో నీళ్లలో దిగితే కాళ్లకి చుట్టుకుంటుందని, మోకాళ్లదాకా లాగులు, పైన జాకెట్లు కుట్టుకున్నారు. మామిడి పిందెల రంగొకటి, బెల్లం రంగొకటి. ఇన్నేళ్లుగా వద్దనుకున్న మిషన్లు రాత్రీపగలూ టకటకలాడాయి.

నేర్పేవాడు పోలేశు. అక్కడే వచ్చింది చిక్కు. అతనికి ఈత వచ్చు, చెప్పడం రాదు. మడుగులో నడుంలోతున నిలబడి, "కాలు... ఇదిగో... ఇలాగ" అని ఆగిపోయేవాడు.

"ఎలాగ మావా? నీళ్లకింద ‘ఇలాగ’ ఎవరికి కనపడుద్ది?" అని పేరంటాలు ఎగిరిపడేది.

"పోలేశు మావకి ఓ పట్టీ వెయ్యండర్రా, మాటలొత్తాయి!" అనేది చిట్టెమ్మ.

చివరికి అతన్ని బల్లమీద బోర్లా పడుకోబెట్టి కాళ్లాడించమన్నారు. చుట్టూ యాభైమంది ఆడవాళ్లు కూర్చుని చూశారు. పాపం, ఏం చేస్తాడు, ఆడించాడు. అడుగుతున్నకొద్దీ చెప్పాడు. చెబుతున్నకొద్దీ, తన కాళ్లు ఏం చేస్తాయో తనకే మొదటిసారి తెలిసింది. ఎండు కొబ్బరికాయలు జతలుగా కట్టి చంకల కింద పెట్టాడు. అరటిబోదెలు తేల్చాడు. అడ్డపలకను పట్టుకున్నట్టే హైమవతి ఒక బోదెను పట్టుకుని పదిరోజులు వదల్లేదు. పదకొండోనాడు సూరమ్మ వెనకనుంచి వచ్చి ఆ బోదెను లాగేసింది. హైమవతి కెవ్వుమని అరిచి, అరుస్తూనే పది బారలు ఈదింది.

కుర్రకారు మాటల పందేలు మానేశారు. లెక్క పెట్టలేక.

వైశాఖంలో మంగ దగ్గర్నుంచి ఫోను వచ్చింది. రేపోమాపో అన్నారట డాక్టరు.

పేరంటాలు సున్నుండల డబ్బా, పాతచీరల మూట తీసుకుని రేవులోకి వచ్చింది. పడవ అంచుమీద చెయ్యి వేసి నిలబడింది. పోలేశు పడవ నడిపే గెడ పట్టుకుని ఎదురుచూశాడు. కాసేపటికి ఆమె కాలెత్తి లోపల పెట్టింది. తొమ్మిదేళ్ల తర్వాత ఆ బరువుకి పడవ ఒక పక్కకి ఒరిగి, సర్దుకుంది.

నడి గోదారిలో పోలేశు గెడ ఆపాడు. గొంతుమీద పట్టీ లేదు, గుగ్గిలం లేదు. అయినా అడిగాడు.

"ఆ రోజున నిన్ను రెండోసారికి వదిలాను. కోపం లేదా?"

పేరంటాలు అతనికేసి వింతగా చూసింది. "అదా నిన్ను తినేత్తంది ఇన్నాళ్లూ? నన్ను ముందు పట్టుకునుంటే, మావా, అప్పుడొచ్చేది కోపం. ఇప్పటిదాకా నీ మొహం చూసుందును కాదు."

పోలేశు గెడ వెయ్యడం మర్చిపోయాడు. పడవ తనంతట తనే కొంతదూరం కొట్టుకుపోయింది.

"ఇలాగైతే మనవడు పుట్టి పెళ్లికెదుగుతాడు" అంది పేరంటాలు. అవతలి గట్టు ముప్ఫై బారల దూరంలో ఉంది. గట్టుమీద మంగ నిండు కడుపుమీద చేతులు వేసుకుని నిలబడి ఉంది. ఆడబడుచు పక్కన గొడుగు పట్టింది. పేరంటాలు చీర విప్పి, మడిచి మూటలో పెట్టింది. చీరకింద బెల్లంరంగు లాగు, జాకెట్టు. అంచుమీద కూర్చుని, జారి, నీళ్లలోకి దిగింది.

కప్పలాగా పక్కకి. పోలేశు నేర్పినట్టే.

గట్టుమీద మంగ గొంతు చించుకుని అరిచింది. "అమ్మా! అయ్యబాబోయ్! ఏమైందే? పడవ మునిగిందా?"

పేరంటాలు నీళ్లలోంచి తలెత్తి, ఊపిరి తీసుకోవాల్సిన చోట సరిగ్గా తీసుకుని, గట్టిగా కేకేసింది.

"మునగలేదే! మీ నాన్న మాటల్లో పడి ఆలీసం చేత్తన్నాడు!"